వయోవర్గాల వారీ బోధనా స్పెషలైజేషన్: పాఠాలు బాగున్నాయి, ఎంపికకు ఇచ్చిన సలహా బాగాలేదు

విదేశాల్లో ఇంగ్లిష్ బోధించదలచిన వారి కోసం ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థ నడుపుతున్న కోర్సుపై నా అభిప్రాయం ఇది. ఇందులో 120 గంటల మూల పాఠ్యం అందరికీ ఒకటే. ఆ తరువాత బడి ఈడు రాని పిల్లలు, ప్రాథమిక తరగతుల పిల్లలు, కౌమారులు, పెద్దలు అనే నాలుగు వర్గాల్లో ఒకదానిని స్పెషలైజేషన్‌గా ఎంచుకోవాలి. ఇంకొకటి కూడా కావాలంటే దానికి విడిగా రుసుము చెల్లించాలి. నేను మొదటి, మూడో విభాగాలను పూర్తి చేశాను. మిగిలిన రెండింటిని నమూనా పాఠాల మేరకే చూశాను.

బడి ఈడు రాని పిల్లల విభాగం ఈ కోర్సులో అన్నిటికంటే మెరుగైనది. నాలుగేళ్ల పిల్లవాడికి వ్యాకరణం చెప్పకూడదన్న సంగతి ఎవరికైనా తెలుసు. చెప్పకుండా భాషను ఎలా అందించాలన్నదే కష్టం. జేమ్స్ ఆషర్ రూపొందించిన టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ పద్ధతిని ఇక్కడ సిద్ధాంతంగా వివరించి వదిలేయకుండా, ఉపాధ్యాయురాలు ఆజ్ఞలు ఇస్తూ ఉంటే పిల్లలు లేవడం, కూర్చోవడం, తలుపు ముట్టుకుని రావడం వంటి పనుల ద్వారా అర్థాన్ని ఎలా పట్టుకుంటారో అసలు తరగతి గది వీడియోలతో చూపించారు. కొత్త భాష వింటున్న పిల్లలు కొంతకాలం నోరు విప్పకపోవడం సహజమనీ, ఆ మౌనాన్ని వెనుకబాటుగా లెక్కగట్టి బలవంతంగా మాట్లాడించవద్దనీ వివరించిన పాఠం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఏడుస్తున్న పిల్లవాడిని ఊరుకోబెట్టడం, సహాయకురాలితో పని పంచుకోవడం, మనకు రాని భాష మాట్లాడే తల్లిదండ్రులకు బిడ్డ ప్రగతిని తెలియజేయడం వంటి విషయాలకూ తగినంత చోటు ఇచ్చారు.

కౌమారుల విభాగానికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు. పిల్లల విభాగంలోని ఆటలనే బొమ్మలు మార్చి ఇక్కడ మళ్లీ వాడారు. పదమూడేళ్ల విద్యార్థికి తోటివారి ముందు నవ్వులపాలు కాకుండా ఉండటం కంటే ముఖ్యమైనది మరొకటి ఉండదు. అలాంటి వాడి తప్పును అందరి ఎదుట దిద్దాలా, తరువాత విడిగా చెప్పాలా అన్న ప్రశ్నను ఈ విభాగం తాకనైనా తాకలేదు. బోర్డు పరీక్షల ఒత్తిడి, ఒకే తరగతిలో వేర్వేరు స్థాయుల విద్యార్థులు ఉండటం గురించి రెండు పేజీలతో సరిపెట్టారు. పెద్దల విభాగం నమూనా పాఠాలు చక్కగానే ఉన్నాయి గానీ, అందులో నిజమైన అభ్యాసకుల ముందు పాఠం చెప్పే అవకాశమే లేదు. పెద్దలకు బోధించాలన్నదే లక్ష్యమైతే, 6 గంటల పర్యవేక్షిత బోధన తప్పనిసరిగా ఉండే సెల్టాకు (ఇంగ్లిష్ బోధనకు కేంబ్రిడ్జ్ ఇచ్చే ధ్రువపత్రం) ఖర్చు ఎక్కువైనా దానినే ఎంచుకోవడం మేలు.

అయితే నా ప్రధాన అభ్యంతరం పాఠాల మీద కాదు, ఏ విభాగం తీసుకోవాలో సూచించే ప్రశ్నావళి మీద. మీకు ఓపిక ఎంత, పాటలు ఇష్టమా, చర్చలు ఇష్టమా అని అడిగి ఆ జవాబులను బట్టి వయోవర్గాన్ని సూచిస్తుంది. ఏ దేశానికి వెళ్లదలిచారు, చేతిలో ఉన్న ఉపాధ్యాయ పట్టా ఏ వయసు వారికి సంబంధించినది అన్న ప్రశ్నలు అందులో లేవు. ఉద్యోగాల తలుపులు తెరుచుకునేది ఆ రెండింటితోనే. ఆస్ట్రేలియాకు వలస వెళ్లే ఉపాధ్యాయుల అర్హతలను మదింపు చేసే సంస్థ పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, మాధ్యమిక స్థాయులను వేర్వేరు వృత్తులుగా చూస్తుంది. సంబంధిత వయసు పిల్లలతో కనీసం 45 రోజుల పర్యవేక్షిత బోధన చేసి ఉండాలని కోరుతుంది. ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరిలో నైజీరియా, ఘనా, భారత్, దక్షిణాఫ్రికా వంటి దేశాల ఉపాధ్యాయులకు తన బడుల్లో బోధించేందుకు ఇచ్చే ఉపాధ్యాయ అర్హత హోదా కోసం దరఖాస్తు చేసుకునే వీలు కల్పించినప్పుడు, 11–16 ఏళ్ల వారికి గణితం, సైన్స్ లేదా భాషలు బోధించే అర్హతను షరతుగా పెట్టింది. పసిపిల్లలంటే ప్రాణం పెట్టేవారికి కూడా ఆ మార్గంలో ప్రవేశం లేదు.

ఇక చైనా 2021 జులైలో తెచ్చిన నిబంధనలతో బడి ఈడు రాని పిల్లలకు ఆన్‌లైన్ శిక్షణను నిషేధించింది. విదేశాల్లో ఉంటూ అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుల నియామకాన్నీ ఆపేసింది. ఆ తరువాత కూడా ఈ కోర్సు ప్రచారంలో చిన్నపిల్లల ఆన్‌లైన్ బోధనను ప్రధాన ఉపాధిగా చూపించడం సమంజసం కాదు. జపాన్ ప్రభుత్వం 1987 నుంచి నడుపుతున్న జెట్ కార్యక్రమంలో విదేశాల నుంచి రప్పించే సహాయ ఉపాధ్యాయులను ప్రాథమిక పాఠశాల మొదలు ఉన్నత మాధ్యమిక పాఠశాల వరకు ఎక్కడైనా నియమించవచ్చు. అక్కడికి వెళ్లేవారు ఒకే వయోవర్గానికి అదనపు రుసుము కట్టి ప్రయోజనం పొందేది తక్కువ.

ధ్రువపత్రం మీద స్పెషలైజేషన్ పేరును ముద్రించి ఇస్తారు. అది బడిలో నియామకానికి లైసెన్సు అని సంస్థ ఎక్కడా అనలేదు, కాదని కూడా ఎక్కడా అనలేదు. ఉపాధ్యాయ పట్టా ఇప్పటికే ఉండి, చిన్నపిల్లల తరగతికి పద్ధతులు నేర్చుకోవాలనుకునే వారు మొదటి విభాగాన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. కౌమారుల విభాగాన్ని తిరగరాసే వరకు దానికి డబ్బు పెట్టవద్దు. పట్టా లేనివారు రుసుము చెల్లించే ముందు, వెళ్లదలచిన దేశపు నియామక నిబంధనల్లో తమలాంటి వారికి ఏ వయోవర్గమైనా అందుబాటులో ఉందో లేదో చూసుకోవాలి. ప్రశ్నావళి ఇచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టవచ్చు.