తనఖాలో ఉన్న ఇంటిస్థలంలో ముక్క కొనబోయేవారికి హెచ్చరిక

పాలకొల్లు దగ్గర ఒక గ్రామంలో 24 సెంట్ల ఇంటిస్థలాన్ని యజమాని ఆరేసి సెంట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి అమ్మకానికి పెడితే, వెనకవైపు ముక్కను మేము కొన్నాము. స్థలం మొత్తం బ్యాంకు తనఖాలో ఉన్న సంగతి ఆయన దాచలేదు. "మీ ముక్క వంతు బాకీ కట్టేశానండి, ఇక దానికి బ్యాంకుతో సంబంధం లేదు" అని చెప్పి, సొమ్ము జమ చేసిన రసీదు చూపించారు. కొత్త సబ్‌డివిజన్ నంబరు మీద తీయించిన ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కూడా ఏ బాధ్యతా కనబడకపోవడంతో నమ్మి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాము.

ఎనిమిది నెలల తరువాత బ్యాంకువారు ప్రహరీ గోడకు నోటీసు అంటించి వెళ్లారు. తూర్పున పంట బోదె, పడమర పంచాయతీ రోడ్డు అంటూ అందులో ఉన్నవన్నీ పాత హద్దులే. సర్వేయరు చేత కొలిపించి, ఎర్రరంగు పూసి మేము పాతించుకున్న రాళ్ల ఊసే అందులో లేదు. బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తి నుంచి బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం 2002, సెక్షన్ 13(2) కింద 60 రోజుల్లోగా మొత్తం బాకీ తీర్చాలని యజమానిని ఉద్దేశించి రాశారు. ఆయన కట్టిన సొమ్మును బ్యాంకు పేరుకుపోయిన వడ్డీకి జమ కట్టుకుందని ఆ తరువాతే తెలిసింది. అప్పుడు పాత సర్వే నంబరు మీద మళ్లీ ఈసీ తీయిస్తే తనఖా దస్తావేజు స్పష్టంగా కనిపించింది.

భూమిని ఎన్ని ముక్కలు చేసినా తనఖా ముక్కలు కాదు. ప్రతి సెంటూ మొత్తం అప్పుకు హామీగానే ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 60 ప్రకారం, ఆస్తిలో ఒక భాగంపై మాత్రమే హక్కున్నవారు ఆ భాగానికి తగ్గ బాకీ కట్టి, దాన్ని మాత్రం విడిపించమని సాధారణంగా బ్యాంకును బలవంతపెట్టలేరు. బ్యాంకు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు, కానీ ఆ ఒప్పుకోలు అమ్మేవారి నోటిమాటగా కాక బ్యాంకు కాగితం మీద ఉండాలి.

కాబట్టి కొనేముందు, ఫలానా ముక్కను ఎంత కడితే విడుదల చేస్తారో బ్యాంకు చేత లిఖితపూర్వకంగా రాయించుకోండి. ఆ సొమ్మును అమ్మేవారి చేతికి కాకుండా నేరుగా రుణ ఖాతాకు చెల్లించండి. ముక్క కొలతలు, హద్దులతో విడుదల దస్తావేజు రిజిస్టరు అయి, పాత నంబరు ఈసీలో కనబడిన తరువాతే మీ సేల్ డీడు రాయించుకోండి. టైటిల్ డీడ్లు డిపాజిట్ చేసి, రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టిన తనఖా ఈసీలోకి రాదు. అందుకే బ్యాంకుల తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లోనూ వెతికించడం అవసరం. అసలు దస్తావేజులు మిగతా భూమి కోసం బ్యాంకులోనే ఉండిపోతాయి కనుక, ధ్రువీకరించిన నకళ్లు, అవి తమ వద్దే ఉన్నాయన్న బ్యాంకు లేఖ తీసుకోకపోతే రేపు మీకు ఇంటి రుణం దొరకడం కష్టమవుతుంది.

మరొక విషయం మా ఊరి వకీలుగారు చెప్పేవరకు మాకు తట్టలేదు. మా ముక్కకు రోడ్డు నుంచి వచ్చే 12 అడుగుల దారి ముందు ముక్కలోనుంచే పోతుంది. రేపు మా ఆరు సెంట్లను విడిపించినా, దారి ఉన్న ముక్క తనఖాలోనే మిగిలి వేలానికి వెళితే, కొన్నవారు కంచె వేసిన నాడు మేము బోదె గట్టు మీదుగా నడవాల్సి వస్తుంది. వెనకముక్క కొనేవారు విడుదల దస్తావేజులో దారి హక్కును, దాని వెడల్పుతో సహా, ప్రత్యేకంగా రాయించుకోవాలి.

ప్రస్తుతం ముక్కలు కొన్న మేము నలుగురమూ కలిసి మొత్తం బాకీ తీర్చేందుకు బ్యాంకుతో మాట్లాడుతున్నాము. వేలం ప్రకటన వెలువడేలోపే ఆ పని జరగాలి. ఇదే యజమాని దగ్గర వేరే స్థలాల్లో ముక్కలకు అడ్వాన్సులు ఇచ్చినవారు ఉంటే, మిగతా సొమ్ము ఇవ్వకముందే పాత సర్వే నంబరు మీద ఈసీ తీయించి, ఆ కాగితంతో బ్యాంకుకు వెళ్లి బాకీ ఎంతో అడిగి తెలుసుకోండి.