ఫ్లాట్‌ప్యాక్, ఫ్లాట్‌హబ్: యాప్ దిగడం తేలికే, తలుపులు తెలుసుకోవాలి

డిస్ట్రో (మనం వేసుకున్న లినక్స్ రకం) రిపాజిటరీలో, అంటే దాని సొంత సాఫ్ట్‌వేర్ గిడ్డంగిలో, ఉన్న బ్లెండర్ అనే 3డీ యాప్ పాతది, మనకి కావలసింది కొత్తది. లినక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఈ తలనొప్పి కొత్త కాదు. ఎవరిదో పీపీఏ (బయటివాళ్లు నడిపే ఉబుంటు ప్యాకేజీల గిడ్డంగి) కలిపితే కొత్త వెర్షన్ వస్తుంది కానీ, దాని వెంట వచ్చిన లైబ్రరీలు తర్వాతి డిస్ట్రో అప్‌గ్రేడ్‌లో అడ్డం తిరుగుతాయి. యాప్‌ని డిస్ట్రోతో ముడిపెట్టకుండా విడిగా వేసే పద్ధతి ఫ్లాట్‌ప్యాక్. 2018 ఆగస్టులో 1.0 వెర్షన్‌కి చేరిన అది ఈ చిక్కుముడిని చాలావరకు విప్పింది. గ్రాఫికల్ యాప్ కావాలంటే ముందు ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల స్టోర్ అయిన ఫ్లాట్‌హబ్‌లోనే వెతకండి. కమాండ్ లైన్ టూల్స్, డ్రైవర్లు మాత్రం డిస్ట్రో నుంచే తీసుకోవాలి.

ఫెడోరా, లినక్స్ మింట్‌లలో ఫ్లాట్‌ప్యాక్ ముందే ఉంటుంది. ఉబుంటులో దాని ప్యాకేజీ టూల్ ఏపీటీతో ఫ్లాట్‌ప్యాక్ వేసి, 'ఫ్లాట్‌ప్యాక్ రిమోట్-యాడ్' కమాండ్‌తో ఫ్లాట్‌హబ్‌ని కలిపి, సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ వదిలేస్తే యాప్ దిగుతుంది, మెనూలో ఐకాన్ మాత్రం కనబడదు. ఐకాన్లు ఎక్కడ వెతకాలో మెనూకి చెప్పే వేరియబుల్‌లోకి ఫ్లాట్‌ప్యాక్ ఫోల్డర్లు లాగిన్ అయ్యేటప్పుడే చేరతాయి మరి.

డిస్క్ నిండిపోతుందన్న ఫిర్యాదులో సగమే నిజం. మొదటి యాప్‌తో రన్‌టైమ్ (యాప్‌లు పంచుకునే లైబ్రరీల కట్ట) కూడా దిగుతుంది, అదే వందల ఎంబీలు ఉంటుంది. అదే రన్‌టైమ్ మీద నడిచే రెండో యాప్‌కి అది మళ్లీ దిగదు. పైగా ఒకేలా ఉన్న ఫైళ్లని, ఫ్లాట్‌ప్యాక్ లోపల ఫైళ్లు దాచే ఓఎస్‌ట్రీ ఒక్కసారే దాచి హార్డ్‌లింకులతో (ఒకే ఫైలుకి అనేక పేర్లు) పంచుతుంది. ఒక యాప్ ఫ్రీడెస్క్‌టాప్ 23.08, ఇంకోటి 24.08, మూడోది కేడీఈ రన్‌టైమ్ అడిగినప్పుడే చోటు కరిగేది. 'ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్' అప్పుడప్పుడు నడిపితే ఎవరూ వాడని రన్‌టైమ్‌లు పోతాయి. ఎన్విడియా కార్డు ఉంటే ఇంకో జాగ్రత్త: సిస్టమ్ డ్రైవర్ మారిన ప్రతిసారీ ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా చేయాలి. రెండు వెర్షన్లూ కలవకపోతే గేమ్ తెరుచుకోకపోవచ్చు, లేదా గ్రాఫిక్స్ పని సీపీయూ మీద పడి నత్తనడక నడుస్తుంది.

అసలు ఇబ్బందంతా పర్మిషన్లతోనే. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ని శాండ్‌బాక్స్ అనే గోడల గదిలో నడుపుతుంది, అనుమతి ఉన్నవే దానికి కనబడతాయి. రెండో డ్రైవ్‌లో సినిమా ఉంది, పక్కనే సబ్‌టైటిల్ ఫైల్ ఉంది. ప్లేయర్‌లో ఓపెన్ నొక్కి సినిమా ఎంచుకుంటే బొమ్మ వస్తుంది, సబ్‌టైటిల్ రాదు. ప్లేయర్ చెడిపోలేదు. ఆ డ్రైవ్‌ని చూసే అనుమతి దానికి లేదు కాబట్టి, మీరు ఎంచుకున్న ఒక్క ఫైలునే పోర్టల్ (సిస్టమ్‌కి, శాండ్‌బాక్స్‌కి మధ్యవర్తి) లోపలికి పంపింది. పక్కనున్న ఫైల్ యాప్ కంటికి లేనట్టే. ఫ్లాట్‌ప్యాక్ అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ యాప్‌లో ఆ ప్లేయర్‌ని ఎంచుకుని, ఫైల్‌సిస్టమ్ విభాగంలో ఆ ఫోల్డర్ దారి రాసి, చివర ':ఆర్‌ఓ' తగిలించండి, చదవడానికి మాత్రమే అనుమతి దక్కుతుంది. తర్వాత యాప్‌ని పూర్తిగా మూసి తెరవాలి, అనుమతులు మొదలయ్యేటప్పుడే ఖరారవుతాయి. కోడ్ ఎడిటర్లకి ఈ వైద్యం చాలదు. సిస్టమ్‌లోని కంపైలర్ వాటికి నేరుగా కనబడదు, అందుకే ఎడిటర్ డిస్ట్రో నుంచి వేసుకోవడమే సుఖం. పాస్‌వర్డ్ మేనేజర్, బ్రౌజర్ మాట్లాడుకోవడం కూడా ఈ శాండ్‌బాక్స్ గోడ దగ్గరే తెగుతుంది.

ఫ్లాట్‌హబ్ పేజీలో వెరిఫైడ్ టిక్ ఉంటే, యాప్ తయారుచేసినవాళ్ల ఆమోదంతోనే అది అక్కడ ఉందని అర్థం, కోడ్ సురక్షితమని కాదు. 'ఫ్లాట్‌ప్యాక్ ఇన్ఫో --షో-పర్మిషన్స్' పక్కన యాప్ ఐడీ (యాప్ పూర్తి గుర్తింపు పేరు) కొట్టి చూడండి. ఫైల్‌సిస్టమ్స్ వరసలో 'హోస్ట్' అని కనబడితే మీ ఫైళ్ల విషయంలో ఆ శాండ్‌బాక్స్ పేరుకే.

ఫ్లాట్‌ప్యాక్‌లాంటివే ఇంకో రెండు పద్ధతులున్నాయి, స్నాప్, యాప్‌ఇమేజ్. స్నాప్‌కి స్టోర్ ఒక్కటే, అది ఉబుంటు తయారుచేసే కనోనికల్ చేతిలో ఉంది. యాప్‌ఇమేజ్‌లో చాలావాటిని కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మనమే వెతికి దించుకోవాలి. ఫ్లాట్‌ప్యాక్‌లో మాకు బాగా నచ్చింది వెనక్కి వెళ్లే వీలు. కొత్త వెర్షన్ క్రాష్ అవుతుంటే 'ఫ్లాట్‌ప్యాక్ రిమోట్-ఇన్ఫో --లాగ్ ఫ్లాట్‌హబ్' పక్కన యాప్ ఐడీ రాస్తే పాత కమిట్‌లు (ఒక్కో అప్‌డేట్‌కి ఒక్కో గుర్తు) వరసగా వస్తాయి. నచ్చిన తేదీ నాటి కమిట్ కోడ్ కాపీ చేసి, సుడోతో 'ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ --కమిట్=' తర్వాత అతికించి, యాప్ ఐడీ ఇవ్వండి. తర్వాత ఆ యాప్ అప్‌డేట్లని ఆపే 'ఫ్లాట్‌ప్యాక్ మాస్క్' కూడా యాప్ ఐడీతో వేయాలి, లేకుంటే మరుసటి అప్‌డేట్‌లో ఆ చెడ్డ వెర్షనే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. లోపం సరిచేశారని తెలియగానే 'మాస్క్ --రిమూవ్' మరిచిపోకండి, లేకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా అక్కడే ఆగిపోతాయి.