ఆ 15 కార్డుల కోసమే ఆడుతున్నాను: మ్యాజిక్ అరీనాలో బెస్ట్ ఆఫ్ త్రీ, మూడేళ్ల తర్వాత

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటని ఆన్‌లైన్‌లో ఆడే అరీనా ఎలా ఉంటుందో, ప్యాకులు ఎలా వస్తాయో, డెక్ ఎలా కట్టాలో ఇక్కడ రాయడం లేదు. ఆడేవాళ్లకు అవన్నీ తెలిసినవే. మూడేళ్లకు పైగా ఆడిన తర్వాత నాకు చెప్పాలనిపిస్తున్నది ఒక్క సంగతి గురించే: బెస్ట్ ఆఫ్ త్రీ (ఒకే మనిషితో మూడు గేముల్లో రెండు గెలవాల్సిన మ్యాచ్), అందులో ఉండే 15 కార్డుల సైడ్‌బోర్డ్ (గేముల మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డులు). అది లేకపోతే ఈ ఆట ఎప్పుడో మానేసేవాడిని.

మొదటి ఏడాది అంతా సింగిల్ గేములే ఆడాను. మొదటి నుంచే వేగంగా దాడి చేసే ఎర్ర రంగు అగ్రో డెక్ ఒకటి కట్టుకుని, గేమ్ పది నిమిషాల్లో అయిపోతుంటే ర్యాంకు ఎక్కుతున్నానని సంతోషపడేవాడిని. కానీ ఓడిన ప్రతిసారీ ఒకే వెలితి మిగిలేది. ఎదుటివాడి డెక్ ఏమిటో అర్థమయ్యేసరికి గేమ్ అయిపోయేది. తెలుసుకున్నది వాడుకునే చోటే లేదు. మళ్లీ కొత్త మనిషి, కొత్త డెక్, మళ్లీ మొదటి నుంచి ఊహించడమే.

బెస్ట్ ఆఫ్ త్రీలో ఆ చోటు దొరికింది. ఒక గేమ్ అవ్వగానే మన 60 కార్డులు, పక్కన 15 కార్డులు ఒకే తెరమీద కనిపిస్తాయి. టైమర్ నడుస్తుంటుంది. ఇప్పుడు ఎదుటివాడేం ఆడుతున్నాడో తెలుసు, మనం ఏం ఆడుతున్నామో అతనికీ తెలుసు. ఏది తీయాలి, ఏది పెట్టాలి? ఆటంతటిలో నాకు బాగా ఇష్టమైన సమయం ఆ కాసేపే. కార్డులు వేసేటప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా ఆలోచించను.

అయితే ఆ తెరమీద ఏం చేయాలో నాకు నేర్పింది గెలిచిన మ్యాచ్ కాదు, ఓడిన మ్యాచ్. అది కాస్త వివరంగానే చెప్తాను.

అప్పటికి నేను ఎక్స్‌ప్లోరర్ ఫార్మాట్‌లో నీలం-తెలుపు కంట్రోల్ (ఎదుటివాడి ఎత్తుల్ని ఆపుతూ నిదానంగా గెలిచే డెక్) ఆడుతున్నాను. ఆ ఫార్మాట్‌ని ఇప్పుడు పయనీర్ అనే అంటున్నారు. ఎదుటివాడు గ్రీస్‌ఫాంగ్ డెక్‌తో వచ్చాడు. ఆ డెక్ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: గ్రీస్‌ఫాంగ్ మూడు మానా (కార్డు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి) జీవి. మన టర్న్‌లో యుద్ధం మొదలవగానే గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలో) ఉన్న వాహనాన్ని, అంటే జీవులు తోలితేనే దాడి చేసే కార్డుని, లేపి బోర్డు మీదకు తెస్తుంది. లేపేది పర్హీలియన్ టూ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఎనిమిది మానా పెట్టి వేయాల్సిన ఆ ఎగిరే ఓడ మూడో టర్న్‌లోనే దాడికి వస్తుంది, వస్తూ రెండు 4/4 (4 దెబ్బ కొట్టే, 4 తట్టుకునే) దేవదూతల్ని వెంటబెట్టుకొస్తుంది. 5, 4, 4 కలిపి ఒకే దాడిలో 13.

మొదటి గేమ్‌లో అదే జరిగింది. అతనే ముందు ఆడాడు. రెండో టర్న్‌లో లైబ్రరీ (ఇంకా తీయని కార్డుల కట్ట) పైనుంచి కొన్ని కార్డులు గ్రేవ్‌యార్డ్‌లో పడేశాడు, వాటిలో పర్హీలియన్ ఉంది. మూడో టర్న్‌లో గ్రీస్‌ఫాంగ్ దిగింది. నా ప్రాణం 20 నుంచి 7కి పడిపోయింది. టర్న్ చివర ఓడ అతని చేతికి వెళ్లిపోయింది కానీ దేవదూతలు రెండూ అలాగే ఉన్నాయి. నా చేతిలో సుప్రీమ్ వర్డిక్ట్ ఉంది. వేస్తే బోర్డు మీద జీవులన్నీ పోతాయి, కానీ దానికి మానా ఇచ్చే ల్యాండ్లు నాలుగు కావాలి, నాకు ఉన్నవి మూడు. తర్వాతి టర్న్‌లో ఆ రెండు దేవదూతలే 8 కొట్టాయి.

సైడ్‌బోర్డ్ తెర వచ్చింది. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నా 15లో రెస్ట్ ఇన్ పీస్ మూడున్నాయి. రెండు మానాకే వచ్చే ఎన్చాంట్‌మెంట్ (బోర్డు మీద నిలిచిపోయే మంత్రం) అది. దిగగానే గ్రేవ్‌యార్డ్‌లన్నీ ఖాళీ చేస్తుంది, ఆ తర్వాత అక్కడికి వెళ్లాల్సిన ప్రతి కార్డునూ శాశ్వతంగా పక్కకు పంపేస్తుంది. మూడూ పెట్టాను. మరి ఏవి తీయాలి? ఇది కాంబో డెక్ (రెండు కార్డుల జోడీతో గెలిచేది), జీవులు పెద్దగా లేవు, అయినా వర్డిక్ట్ వేసే నాలుగో టర్న్ దాకా నేను బతికి ఉండను కదా అనుకుని వర్డిక్ట్‌లు మూడూ తీసేశాను.

రెండో గేమ్ చాలా హాయిగా గెలిచాను. ముందు నేనే ఆడాను, రెండో టర్న్‌లో రెస్ట్ ఇన్ పీస్ దిగింది. ఆ తర్వాత అతను చేయగలిగింది ఏమీ లేకపోయింది. నా పక్షాన నిలబడి టర్న్‌కో పని చేసే టెఫెరీ కార్డు వచ్చాక ఇక లాభం లేదని వదిలేశాడు. నా లెక్క సరిగ్గా సరిపోయిందని నాకు గట్టి నమ్మకం వచ్చింది. అందుకే మూడో గేమ్‌కి తెర వచ్చినప్పుడు కార్డులు ముట్టుకోలేదు. టైమర్ చాలా మిగిలి ఉండగానే ఓకే కొట్టేశాను.

ఎదుటివాడు మాత్రం ముట్టుకున్నాడు.

మూడో గేమ్‌లో నాకు ఒక్క పర్హీలియన్ కూడా కనిపించలేదు. నేను రెండో టర్న్‌లో మళ్లీ రెస్ట్ ఇన్ పీస్ వేశాను. చేతిలో రెండోది కూడా ఉంది. అతను నాలుగో టర్న్‌లో ఎసికాస్ చారియట్ వేశాడు. గ్రేవ్‌యార్డ్‌తో దానికి ఏ పనీ లేదు. నాలుగు మానా పెట్టి చేతిలోంచే వేసుకునే రథం. వస్తూనే రెండు 2/2 పిల్లుల్ని ఇస్తుంది, దాడి చేసిన ప్రతిసారీ ఇంకో పిల్లిని పుట్టిస్తుంది. అతని ఐదో టర్న్ దాడిలో 4 పడి 16కి వచ్చాను, పిల్లులు మూడయ్యాయి. అదే టర్న్‌లో నేను నాలుగు మానాతో మెమరీ డెల్యూజ్ వేశాను. పైనుంచి నాలుగు కార్డులు తెరమీద విప్పుకున్నాయి. నా కళ్లు వెతికింది వర్డిక్ట్ కోసం. అది ఆ నాలుగింటిలోనే కాదు, లైబ్రరీ మొత్తంలో ఎక్కడా లేదు. మూడూ నేనే బయట కూర్చోబెట్టాను.

టెఫెరీని, ఒక ల్యాండ్‌ని తీసుకున్నాను. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. మెమరీ డెల్యూజ్‌లో సగం విలువ దాన్ని ఏడు మానాతో గ్రేవ్‌యార్డ్ నుంచి రెండోసారి వేసుకోవడంలో ఉంది. నా రెస్ట్ ఇన్ పీస్ దాన్ని కూడా గ్రేవ్‌యార్డ్‌కి చేరనివ్వలేదు. అతనికని పెట్టిన అడ్డుగోడ నా దారికే అడ్డమొచ్చింది.

మిగతాది త్వరగానే అయిపోయింది. టెఫెరీతో రథాన్ని అతని లైబ్రరీలో పైనుంచి మూడో చోటికి పంపాను. పిల్లులు మాత్రం బోర్డు మీదే ఉన్నాయి. ఒకటి టెఫెరీని చంపింది, రెండు నన్ను కొట్టాయి. గ్రీస్‌ఫాంగ్‌ని మామూలు 4/3 జీవిలా దింపి దాంతో కూడా దాడి చేశాడు. రథం మళ్లీ అతని చేతికొచ్చిన టర్న్‌లోనే నా గేమ్ ముగిసింది. చివరి దాకా ఆ రెండో రెస్ట్ ఇన్ పీస్ నా చేతిలోనే ఉంది.

ఆ మ్యాచ్ గురించి చాలా రోజులు ఆలోచించాను. కోపం రాలేదు. నాకంటే బాగా ఆలోచించినవాడు గెలిచాడు, ఆ ఆలోచన నాకు కళ్లముందే కనిపించింది. సింగిల్ గేమ్‌లలో అలాంటి ఓటమి నాకు ఎప్పుడూ ఎదురవ్వలేదు.

అప్పటి నుంచి సైడ్‌బోర్డ్ తెర దగ్గర నా పద్ధతి తిరగబడింది. పెట్టాల్సినవి చివర్లో చూస్తాను. ముందు ఈ డెక్ మీద నా 60లో నిజంగా పనికిరానివి ఎన్ని అని లెక్కపెడతాను. రెండే ఉంటే రెండే మార్పులు, సైడ్‌బోర్డ్‌లో ఎన్ని మంచి కార్డులు కనిపిస్తున్నా సరే. మూడో గేమ్‌కి మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తాను, ఎందుకంటే రెండో గేమ్‌లో నేను చూపించిన కార్డుకి అతను ఈపాటికి జవాబు పెట్టుకుని ఉంటాడు. ఎవరు ముందు ఆడుతున్నారన్నది కూడా చూస్తాను. నేను ముందు ఆడితే వర్డిక్ట్ ఒక టర్న్ ముందే వస్తుంది. గ్రీస్‌ఫాంగ్ మీద ఆ ఒక్క టర్నే చావుబతుకుల తేడా.

కొన్ని నెలల తర్వాత అదే డెక్ మళ్లీ ఎదురైంది. ఒకటి-ఒకటి అయ్యాక మూడో గేమ్‌కి రెస్ట్ ఇన్ పీస్‌లు రెండు తీసేసి ఒక్కటే ఉంచాను, వర్డిక్ట్‌లు మూడూ వెనక్కి తెచ్చాను. పిల్లులు మూడయ్యేదాకా ఆగి ఒకే వర్డిక్ట్‌తో ఊడ్చేశాను. తోలేవాళ్లు లేక రథం ఖాళీగా నిలబడిపోయింది. గేమ్ చివర్లో అతని చేతిలో మూడు కార్డులున్నాయి, వాడని మానా ఉంది, అయినా ఏదీ వేయలేదు. అవి ఏమిటో నేను చూడలేదు. నా రెస్ట్ ఇన్ పీస్‌ని పగలగొట్టడానికి తెచ్చుకున్నవేనని నా అనుమానం. ఆ గేమ్‌లో అది ఒక్కసారి కూడా దిగలేదు. ఆ రాత్రి పడిన సంతోషం ఏ ర్యాంకు ఎక్కినప్పుడూ పడలేదు.

ఇంత చెప్పాక కొన్ని విషయాలు సరిచేయాలి. బెస్ట్ ఆఫ్ త్రీలో అదృష్టం వాటా చాలా తగ్గిపోతుందని స్నేహితులకు నేనే చెప్పేవాడిని. తర్వాత కూర్చుని లెక్క వేశాను. 60లో ఒక కార్డు మూడు ప్రతులు పెడితే, ముందు ఆడేవాడికి రెండో టర్న్‌కల్లా అందులో ఒక్కటైనా చేతికొచ్చే అవకాశం 35 శాతం. నాలుగు పెట్టినా 45 దాటదు, అదీ మల్లిగన్ (నచ్చని మొదటి కార్డుల్ని తిరిగిచ్చి కొత్తవి తీసుకోవడం) లెక్కలోకి తీసుకోకుండా. అంటే ఆ రెండో గేమ్‌లో నా తెలివి కంటే నా చేతికొచ్చిన కార్డులు బాగుండటమే ఎక్కువ పని చేసింది. దాన్నే వ్యూహమనుకోబట్టే మూడో గేమ్‌లో దెబ్బతిన్నాను.

ల్యాండ్ల విషయమూ అంతే. సింగిల్ గేమ్‌లో అరీనా మొదటి చేతిని (మొదట వచ్చే ఏడు కార్డుల్ని) కాస్త సర్దుతుంది: ఒకటి కంటే ఎక్కువ చేతులు తీసి, డెక్‌లోని ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఇస్తుంది. బెస్ట్ ఆఫ్ త్రీలో ఆ సర్దుబాటు లేదు. 60లో 24 ల్యాండ్లుంటే మొదటి ఏడు కార్డుల్లో ల్యాండ్ అసలు లేకపోవడం, లేదా ఒక్కటే రావడం 14 శాతం సార్లు జరుగుతుంది. ఐదు అంతకంటే ఎక్కువ రావడం ఇంకో 8 శాతం. సింగిల్ గేమ్‌కని తక్కువ ల్యాండ్లతో కట్టుకున్న నా పాత ఎర్ర డెక్‌ని మార్చకుండా ఇక్కడికి తెచ్చి మొదటి వారం వరసగా ఓడాను. ఇక్కడికి రావాలనుకునేవాళ్లు ముందు ల్యాండ్ల లెక్క మార్చుకోండి.

వైల్డ్‌కార్డులు (మనకు కావాల్సిన కార్డుగా మార్చుకునేవి) కూడా చూసుకోవాలి. మంచి సైడ్‌బోర్డ్ కార్డుల్లో రేర్‌లే ఎక్కువ, పనికిరాని కార్డుల్ని కరిగించి వేరేవి చేసుకునే పద్ధతి అరీనాలో లేదు. నా 15 పూర్తవడానికి నెలలు పట్టింది. అన్ని డెక్‌లకూ అలా కట్టలేను, అందుకే అప్పటి నుంచీ నీలం-తెలుపు దగ్గరే ఉండిపోయాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు సింగిల్ గేమ్‌లకు సరిపడా ఒక 60 కట్టుకుని, ఆ తర్వాత ఇటు రావడం నయం.

ఇక సమయం. కంట్రోల్ మీద కంట్రోల్ పడితే ఒక్క మ్యాచ్ ముప్పావు గంట దాటిపోతుంది. నాకు సాయంత్రం ఒక గంట దొరుకుతుంది, దాన్ని ఒకే మ్యాచ్‌కి ఇవ్వగలను, మధ్యలో లేపేవాళ్లు ఇంట్లో లేరు. ప్రయాణంలో ఫోన్ మీద ఆడేవాళ్లకు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆడేవాళ్లకు ఇదే చేయమని చెప్పలేను. అలసిపోయి వచ్చిన రోజు నేనే సింగిల్ గేమ్‌లు రెండాడి పడుకుంటాను.

ప్రస్తుతం నా 15లో రెస్ట్ ఇన్ పీస్‌లు రెండే ఉన్నాయి. మూడోదాని చోట డోవిన్స్ వీటో ఇంకోటి పెట్టాను. రథాన్ని దిగకముందే ఆపుతుంది, మెమరీ డెల్యూజ్‌కి అడ్డం రాదు. గ్రీస్‌ఫాంగ్ మీద ఆ రెండూ సరిపోతాయా లేదా అనేది ఇంకా తేల్చుకోలేదు. ఈ వారం మళ్లీ రెండుసార్లు ఎదురైంది, ఒకటి గెలిచాను, ఒకటి ఓడాను.