ఐదేళ్లుగా వాడుతున్న డెస్క్‌టాప్: ఆగిపోవడాలూ, అనుమతి లేదనడాలూ

2020 డిసెంబరులో రాజమండ్రిలో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఇది. పదో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను: శుభలేఖలు, ఫ్లెక్సీలు, కొబ్బరి కొట్లవాళ్ల బిల్లు పుస్తకాలు. వేగం నా పనికి సరిపోయింది, దాని గురించి చెప్పేదేం లేదు. నన్ను ఏడిపించినవి రెండే. ఉన్నట్టుండి ఆగిపోవడం ఒకటి, నా ఫైళ్లు తెరవడానికి నాకే అనుమతి లేదనడం రెండోది. తప్పు మెషీన్‌దేనని చాలాకాలం తిట్టుకున్నాను. చివరికి చూస్తే దాని తప్పు కొంచెమే.

ఆగిపోవడం మూడో వేసవిలో మొదలైంది. పెద్ద ఫ్లెక్సీ ఎక్స్‌పోర్ట్ పెట్టిన పావుగంటకి టప్పున ఆగిపోయేది. విండోస్ తప్పు చూపించే నీలం తెర కూడా వచ్చేది కాదు. లోపల జరిగినవాటిని విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ‘కెర్నల్-పవర్ 41’ అని ఎర్ర గుర్తు. పేరులో పవర్ ఉంది కదా అని లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా కొత్తది వేయించాను. డబ్బు దండగ. ఆ 41 కారణం చెప్పదు. కిందటిసారి పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకునే మాట అది. కరెంటు పోయినా, వేడెక్కి ఆగినా, పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా అదే నంబరు పడుతుంది.

క్యాబినెట్ విప్పితే అసలు సంగతి తెలిసింది. మా వీధి చివర కొబ్బరి పీచు మిల్లు ఉంది. ఆ పొట్టు, నూగు కలిసి ప్రాసెసర్ ఫ్యాన్ కింద పరుపులా పేరుకుంది. వేడి చూపించే చిన్న ప్రోగ్రాం వేసి చూస్తే 98 డిగ్రీలు. ఈ ప్రాసెసర్ హద్దే 100. ఫ్యాన్ కదలకుండా పట్టుకుని బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ వేడిని పైకి లాగే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బియ్యపుగింజంత పెట్టాను. అదే పనికి ఇప్పుడు 70 దాటదు. రెండు నెలలకోసారి దులపాల్సిందే.

అయినా సాయంత్రాలు ఆగిపోవడం మానలేదు. ఈసారి ఈవెంట్ వ్యూయర్‌లోనే 6008 నంబరు చూశాను. ఆగిపోయిన టైమ్ అందులో ఉంటుంది. నోట్‌బుక్కులో రాసుకుంటూ వెళ్తే అన్నీ ఆరున్నరకీ తొమ్మిదికీ మధ్యే! కాలవ అవతల రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగే వేళ, వోల్టేజీ పడిపోయి మా ట్యూబులైట్లు కొట్టుకునే వేళ. మరి ఇన్వర్టర్ ఉందిగా? అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఎలక్ట్రీషియన్ వచ్చి, “ఊరికే బ్యాటరీ మీదకి వెళ్లిపోతోందండి, వెనక స్విచ్ మార్చేశాను. ఇంక గోల ఉండదండి, ఆయ్” అని వెళ్లాడు. ఆయన యూపీఎస్ మోడ్ నుంచి నార్మల్ మోడ్‌కి మార్చాడు. నార్మల్‌లో ఉంటే ఇన్వర్టర్ బాగా తక్కువ వోల్టేజీని కూడా అలాగే వదిలేస్తుంది, బ్యాటరీకి మారడమూ ఆలస్యమే. ఫ్యానుకీ లైటుకీ ఫరవాలేదు గాని కంప్యూటర్ అంతసేపు తట్టుకోలేదు. మళ్లీ యూపీఎస్ మోడ్‌లో పెడితే సాయంత్రమంతా బ్యాటరీ మీదే నడిచి రాత్రికి ఖాళీ. అందుకని ఇంటికి నార్మలే ఉంచి, కంప్యూటర్‌కి వోల్టేజీ సరిచేసే 600 వీఏ యూపీఎస్ విడిగా పెట్టాను. ఈ ఖర్చు మొదటే పెట్టాల్సింది.

ఇన్నిసార్లు ఆగడంతో ఒకరోజు విండోస్ అసలు లేవలేదు. 2023లో ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేసి విండోస్ కొత్తగా ఎక్కించి, పాత డిస్కుని రెండో డ్రైవ్‌గా పెట్టుకున్నాను. ఇక రెండో ఏడుపు. పాత డాక్యుమెంట్స్ ఫోల్డర్ నొక్కితే అనుమతి లేదంటుంది. యూజర్ పేరు అదే, పాస్‌వర్డూ అదే. కానీ విండోస్ చూసేది పేరు కాదు, ప్రతి అకౌంటుకీ లోపల ఇచ్చే గుర్తింపు సంఖ్య. కొత్తగా ఎక్కించేసరికి అది మారిపోయింది. పొలం మన చేతిలో ఉన్నా పాస్‌పుస్తకంలో పాత పేరే ఉన్నట్టన్నమాట.

పేరు మార్పించుకోవడం కష్టమేం కాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. అక్కడ ఓనర్ పక్కన ‘చేంజ్’ నొక్కి మన అకౌంట్ ఇచ్చి, లోపలి ఫోల్డర్లకూ వర్తించే టిక్ పెట్టాలి. తర్వాత ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోవాలి. మీ సొంత ఫైళ్లున్న ఫోల్డర్‌కే చేయండి. నేను ఉత్సాహం కొద్దీ విండోస్ ఉండే సీ డ్రైవ్ మొత్తానికి చేసి, అది పాడై, మర్నాడు విండోస్ మళ్లీ ఎక్కించుకున్నాను.

ఇంకోసారి పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ సేవ్ చేస్తుంటే ఫైల్ కనబడలేదంది. అనుమతి మాటే ఎత్తలేదు. రెండు రోజులు డిస్క్ పోయిందేమోనని టెన్షన్. తీరా చూస్తే మా మేనల్లుడు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) భయంతో, తెలియని ప్రోగ్రాములు మన ఫోల్డర్లలో రాయకుండా ఆపే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్ చేసి వెళ్లాడు. దాన్ని తీసేయలేదు, ఆ సాఫ్ట్‌వేర్‌ని మినహాయింపు జాబితాలో చేర్చానంతే.

ముందువైపు యూఎస్‌బీ పోర్టులు రెండూ ఇక్కడి చెమ్మకి తుప్పు పట్టాయి, వెనకవి వాడుతున్నాను. యూపీఎస్ వచ్చాక 6008 ఒక్కసారే పడింది. ఇల్లు తుడుస్తూ మా అమ్మ స్విచ్ కట్టేసిన రోజు.