అపూకి గొంతు ఇచ్చిందెవరు: హరి కొండబోలు డాక్యుమెంటరీపై సమీక్ష

‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’ 2017 నవంబరులో అమెరికాలోని ట్రూటీవీ ఛానెల్‌లో ప్రసారమైన డాక్యుమెంటరీ. ‘ద సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్ ధారావాహికలోని భారతీయ దుకాణదారుడు అపూ పాత్ర మీద తీసినది. నిడివి గంట కన్నా తక్కువే. దర్శకత్వం మైఖేల్ మెలమెడాఫ్‌ది అయినా, ఆలోచనా మాటా ముఖమూ హరి కొండబోలువి. ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన తెలుగు దంపతులకు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన స్టాండప్ కమెడియన్ ఆయన. హాస్యరంగంలో నిలదొక్కుకోకముందు సియాటిల్‌లో వలసదారుల హక్కుల కోసం పనిచేశారు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవ హక్కుల మీద పైచదువు చదివారు. ఒక కార్టూన్ పాత్ర మీద అలిగిన ప్రేక్షకుడి ఫిర్యాదుగా ఈ చిత్రాన్ని కొట్టిపారేసినవారు చాలామంది ఉన్నారు కనుకే ఈ వివరాలు ముందుగా చెప్పవలసి వచ్చింది. వ్యంగ్యం ఎవరి పక్షాన నిలబడుతుంది, అలా నిలబడేటప్పుడు ఎవరి భుజాల మీద కాలు మోపుతుంది అన్న ప్రశ్నను ఏళ్ల తరబడి మోసిన మనిషి తీసిన చిత్రమిది.

‘ద సింప్సన్స్’ 1989 డిసెంబరులో మొదలై ఇప్పటికీ కొనసాగుతున్న యానిమేషన్ ధారావాహిక. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణాన్ని అడ్డం పెట్టుకుని అది అమెరికా రాజకీయ నాయకులను, పోలీసులను, చర్చిని, వార్తా ఛానెళ్లను, అణు విద్యుత్ కంపెనీ యజమానిని నిలదీసింది. ఆ పట్టణంలో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే చిన్న దుకాణాన్ని నడిపే భారతీయుడు అపూ. 1990లో తొలిసారి కనిపించాడు. సత్యజిత్ రాయ్ సినిమాల నుంచి తీసుకున్న మొదటి పేరు, భారతదేశంలో ఏ ప్రాంతంలోనూ వినిపించని పొడవాటి ఇంటిపేరు, ‘థాంక్యూ, కమ్ అగైన్’ అనే ఊతపదం, అన్నిటికీ మించి ఆ యాస. ఆ గొంతు హాంక్ అజేరియా అనే తెల్లజాతి నటుడిది. 1968 నాటి ఒక హాలీవుడ్ హాస్యచిత్రంలో బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి రంగు పూసుకుని వేసిన భారతీయ పాత్ర తనకు ఒరవడి అని అజేరియాయే చెప్పుకున్నాడు. అంటే మన మాటతీరును మన నోట వినకుండా, మనల్ని అనుకరించిన మరొకరిని చూసి అనుకరించిన గొంతు అది. అపూ పాత్రకు గాను 1998లో ఆయనకు ఎమ్మీ పురస్కారం కూడా దక్కింది.

కొండబోలు వాదనలో అసలు బలం ఇక్కడే ఉంది. 1990లలో అమెరికన్ టెలివిజన్‌లో భారతీయుడంటే అపూ తప్ప చెప్పుకోదగ్గ మరో పాత్ర లేదు. ఆ కాలంలో బడికి వెళ్లిన పిల్లలకు అపూ యాసే ఎగతాళి అయింది. తమ అమ్మానాన్నలు డాక్టర్లయినా ఇంజినీర్లయినా, తాము అమెరికన్ యాసలోనే మాట్లాడుతున్నా, ఆట స్థలంలో వారి వెంటబడిన మాట ఆ ఊతపదమే. ఈ అనుభవాన్ని కాల్ పెన్, అజీజ్ అన్సారీ, హసన్ మిన్హాజ్, తెలుగు కుటుంబానికే చెందిన అపర్ణ నాంచెర్ల వంటి నటులూ హాస్యకారులూ ఒకరి తరువాత ఒకరు చెబుతారు. అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ఆ ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య ప్రతినిధిగా పనిచేసిన వివేక్ మూర్తి కూడా ఆ వరుసలో ఉండటం చిత్రానికి బరువు తెచ్చింది. తమ మాటలకు రంగులద్దకుండా, జరిగింది జరిగినట్టు చెబుతుండటం వల్ల ఈ భాగం ఎక్కడా సానుభూతి కోసం చేయి చాచినట్టు అనిపించదు.

నటి హూపీ గోల్డ్‌బర్గ్‌తో జరిగే సంభాషణ ఈ విషయాన్ని చరిత్రలో పెట్టి చూపిస్తుంది. తెల్లవారు ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల కాలం నాటి బొమ్మలను, వస్తువులను ఆమె సేకరించి దాచారు. వాటిని పారవేస్తే జరిగినది జరగనట్టు అయిపోతుందన్న ఆమె ఆలోచన నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. అపూ విషయంలో తరువాత జరిగిన దానితో పోల్చుకుంటే ఆ మాటకు మరింత విలువ వస్తుంది.

చిత్రం మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచినది డానా గూల్డ్‌తో ముఖాముఖి. ఆయన ‘ద సింప్సన్స్’కు చాలాకాలం రచయితగా పనిచేశారు. కొన్ని యాసలు తెల్ల అమెరికన్ల చెవికి వాటంతట అవే నవ్వు పుట్టిస్తాయని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకుంటారు. ఆ ఒక్క మాటతో రచయితల గది తలుపు తెరుచుకుంటుంది. వాక్యంలో ఉన్న తెలివికి నవ్వు రావడం వేరు, ఆ వాక్యాన్ని పలికిన తీరుకే నవ్వు రావడం వేరు. రెండోది జరిగినప్పుడు రచయిత కష్టపడనక్కరలేదు. మామూలు ధర చెప్పినా, నమస్కారం పెట్టినా, తలుపు తీసినా నవ్వే. పాత్రకు ఎలాంటి యాస పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు ఎంత అభ్యంతరకరంగా పలకగలవని తనను అడిగిన సంగతి అజేరియా ఒక పాత ముఖాముఖిలో నవ్వుతూ చెప్పుకున్నాడు. కొండబోలు ఆ దృశ్యాన్ని కూడా వెతికి తెచ్చి చూపించారు.

అయితే ఈ డాక్యుమెంటరీ తగినంత చోటు ఇవ్వని విషయం ఒకటి ఉంది. దాన్ని పక్కన పెడితే ఈ సమస్య సగమే అర్థమవుతుంది. అపూ కేవలం యాస కోసం పుట్టి అక్కడే ఆగిపోయిన పాత్ర కాదు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 187ను ఆమోదించారు. పత్రాలు లేని వలసదారులకు ప్రభుత్వ బడులను, అత్యవసరం కాని వైద్యాన్ని నిరాకరించే చట్టమది. గవర్నర్ పీట్ విల్సన్ దాన్ని ఎన్నికల ఆయుధంగా వాడుకున్నాడు. తరువాత న్యాయస్థానం దాన్ని నిలిపివేసింది. 1996 మే నెలలో ఒక భాగం (ఎపిసోడ్)లో ‘ద సింప్సన్స్’ దీనికి నేరుగా సమాధానం చెప్పింది. స్ప్రింగ్‌ఫీల్డ్ వీధిలోకి ఒక ఎలుగుబంటి దారితప్పి వస్తుంది. జనం గగ్గోలు పెట్టడంతో మేయర్ ఎలుగుబంట్ల గస్తీ దళాన్ని ఏర్పాటు చేస్తాడు. దాని ఖర్చుకు పన్ను పెరిగితే అదే జనం మళ్లీ మేయర్ మీదికి వస్తారు. తప్పించుకోవడానికి ఆయన ఇదంతా అక్రమ వలసదారుల వల్లేనని చెప్పి, వారిని పంపించివేయడానికి ప్రతిపాదన 24 పెడతాడు. చదువుకోవడానికి వచ్చి, వీసా గడువు ముగిసినా ఉండిపోయిన అపూ ఆ చట్టానికి బలి కావలసిన స్థితి వస్తుంది. దొంగ పత్రాలు కొంటాడు, టోపీ పెట్టుకుని అమెరికన్‌లా నటిస్తాడు, అది తనవల్ల కాక కుంగిపోతాడు. చివరికి పౌరసత్వ పరీక్షకు కూర్చుంటాడు. అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే, పట్టణంలో పుట్టిపెరిగిన వారెవరూ చెప్పలేనంత లోతుగా వివరించడం మొదలుపెడతాడు. బానిసత్వం అని ఒక్క మాట చెప్పి ఊరుకోమంటాడు అధికారి.

వలసదారుల మీద నెపం వేసే రాజకీయాన్ని ఇరవై నిమిషాల్లో ఇంత స్పష్టంగా విప్పి చూపిన హాస్యం నేను మరెక్కడా చూడలేదు. ఇందులో నవ్వు మేయర్ మీద, తన పన్ను తానే కోరి తెచ్చుకున్న జనం మీద పడుతుంది. అపూ మీద పడదు. అదే కథలో అదే గొంతు మాత్రం మారదు. రాజకీయంగా వలసదారు పక్షాన నిలబడిన ధారావాహిక, ఆ వలసదారుకు మాట్లాడే అవకాశం ఇవ్వవలసి వచ్చినప్పుడు మరొకరి నోటిని ఎంచుకుంది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చూపించి ఉంటే కొండబోలు వాదన ఇంకా బలపడేది. పాత్రను ప్రేమించే అభిమానులు కూడా తప్పుకుపోలేని ప్రశ్న ఎదురయ్యేది.

అదే పాత్రతో అదే రచయితల బృందం వేసిన మరో రకం జోకు కూడా ఉంది. 1994 నాటి ఒక భాగంలో దుకాణంలో దోపిడీ జరుగుతుంది, అపూకి తూటా తగులుతుంది. పాత దోపిడీలలో దిగి ఛాతీలోనే ఉండిపోయిన మరో తూటాకు తగిలి అది పక్కకు పోతుంది. ఆ బాధ తనకు ఎంతో అలవాటైనదన్నట్టు అతను మాట్లాడటమే అక్కడ హాస్యం. ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు ఇది ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో చదువుకుంటూ గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాలలో రాత్రి పని చేసే తెలుగు విద్యార్థులు దోపిడీదారుల తుపాకులకు బలైన వార్తలు ఇక్కడి పత్రికలలో మళ్లీ మళ్లీ వచ్చాయి. కార్టూన్ వల్ల ఎవరూ కాల్పులు జరపలేదు, అలా అనడం అన్యాయం. కాని కౌంటర్ వెనుక నిలబడ్డ మనిషికి తూటా తగలడం రోజువారీ విషయమన్నట్టు నవ్వగలగడానికి ఆ మనిషి ఎంత దూరపువాడై ఉండాలో ఆలోచించవలసిందే. ఎలుగుబంటి కథలో అపూ మన పక్కింటి మనిషి. తూటా కథలో అతను ఒక వస్తువు.

ఇక్కడే డాక్యుమెంటరీలోని పెద్ద లోపం బయటపడుతుంది. తెర మీద మాట్లాడేవారిలో దాదాపు అందరూ హాలీవుడ్‌తో, హాస్యరంగంతో సంబంధం ఉన్నవారే. అవకాశాల కోసం ఆడిషన్లకు వెళ్లి యాస పెట్టమంటే పెట్టి బాధపడిన నటుల గోడు ముఖ్యమైనదే. అయినా అపూ వృత్తిలో ఉన్నవారు, అంటే రాత్రింబవళ్లు దుకాణం నడిపే గుజరాతీలు, పంజాబీలు, బంగ్లాదేశీయులు, మనవాళ్లు, ఆ పాత్రను ఎలా చూశారో తెలుసుకోవాలన్న కోరిక తీరదు. డాక్టర్ల పిల్లలకు దుకాణదారుడితో పోల్చడమే అవమానమా, లేక ఆ దుకాణదారుడిని వెక్కిరించడం అవమానమా అన్న ప్రశ్నను చిత్రం నేరుగా ఎదుర్కోవలసింది. రెండవ లోపం, అజేరియా వెంటపడే కథకు ఇచ్చిన సమయం. ఆయన మాట్లాడతాడా లేదా అన్న ఉత్కంఠ మీద చిత్రాన్ని నడిపించారు. చివరికి ఆయన ఒప్పుకోలేదు. ఆ నిమిషాలు గూల్డ్ లాంటి మరో ఇద్దరు రచయితలకు ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ధారావాహికలో అందరూ మూసపాత్రలే కదా, స్కాట్లాండ్ తోటమాలీ ఇటలీ మాఫియా నాయకుడూ లేరా అన్నది అభిమానుల ప్రధాన సమాధానం. స్కాట్లాండ్‌వారికి, ఇటలీవారికి అమెరికన్ తెర మీద నాయకులు, ప్రేమికులు, డిటెక్టివ్‌లు, అధ్యక్షులు కూడా ఉన్నారు. భారతీయులకు ఆనాడు అపూ ఒక్కడే ఉన్నాడు. అపూ మంచివాడు, కష్టజీవి, చదువుకున్నవాడు అన్న సమర్థన కూడా ఈ విషయాన్ని తాకదు. కొండబోలు స్వయంగా ఆ ధారావాహికకు వీరాభిమాని. ఆయన అడిగిన దానిలో ద్వేషం లేదు.

చిత్రం వచ్చాక జరిగినది నిరాశ కలిగిస్తుంది. 2018 ఏప్రిల్‌లో ఒక భాగంలో సింప్సన్ కుటుంబంలోని చిన్నమ్మాయి లీసా పాత్ర, అపూ ఫోటో పక్కన ఉండగా, ఒకప్పుడు అందరూ మెచ్చినది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేయగలమన్న అర్థంలో మాట్లాడింది. న్యాయం కోసం ఎప్పుడూ గొంతెత్తే ఆ పిల్ల చేతనే ఆ మాట అనిపించడం రచయితలు చేసిన పెద్ద తప్పు అని నా అభిప్రాయం. అజేరియా మాత్రం ఎదిగాడు. రచయితల గదిలోకి దక్షిణాసియావారిని తీసుకోవాలని అదే నెలలో టీవీలో చెప్పాడు, 2020 ప్రారంభంలో పాత్ర నుంచి తప్పుకున్నాడు, 2021లో క్షమాపణ కోరాడు. 2020 జూన్‌లో నిర్మాతలు శ్వేతేతర పాత్రలకు ఇకపై తెల్లనటుల చేత గొంతు ఇప్పించబోమని ప్రకటించారు. కాని అపూకి కొత్త గొంతు రాలేదు. అతను మాటలేని నేపథ్య పాత్రగా మిగిలాడు. పాత్రను తీసివేయమని కొండబోలు ఎన్నడూ అడగలేదు. చెడు యాసకు సమాధానం మౌనమైతే, ఎలుగుబంటి కథలోని అపూని కూడా పోగొట్టుకున్నట్టే.

గొంతు ఇచ్చే మనిషి జాతే సర్వస్వమా అన్న చోట నాకు కొండబోలు అభిమానులలో కొందరితో భేదం ఉంది. మన తెరనే చూడండి. దశాబ్దాల పాటు తెలుగు సినిమా తెలంగాణ మాటను విలన్లకు, హాస్య పాత్రలకు కేటాయించింది. శ్రీకాకుళం యాసను పనివాళ్లకు ఇచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ అవమానం గురించి గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. ఈ డాక్యుమెంటరీ వచ్చిన 2017లోనే ‘ఫిదా’ విడుదలైంది. అందులో బాన్సువాడ అమ్మాయిగా తెలంగాణ యాసలో స్వయంగా డబ్బింగ్ చెప్పుకున్న సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. ప్రేక్షకులు ఆమెను తమ ఇంటి పిల్లగా అక్కున చేర్చుకున్నారు. ఆ యాస నేర్చుకుని పలికినది, ఆ మాటలలో ఆ అమ్మాయి ఆత్మాభిమానం ఉంది, నవ్వు ఆమెతో కలిసి వస్తుంది. నేర్చుకోవడానికి మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాడన్నది పుట్టుక కన్నా పెద్ద ప్రశ్న. అజేరియా పీటర్ సెల్లర్స్ దగ్గరికి వెళ్లాడు.

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు, మన సినిమాలకు హాస్య సన్నివేశాలు రాసేవారు ఈ చిత్రాన్ని తప్పక చూడాలి. ముందుగా 1996 నాటి ఎలుగుబంటి భాగాన్ని చూసి, ఆ వెంటనే దీన్ని చూడమని నా సలహా. అప్పుడు గూల్డ్‌తో సంభాషణలోని ప్రతి మాటా రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది.