సింక్‌థింగ్, రెస్టిక్: ఆరేళ్లు వాడిన తర్వాత నా అనుభవం

విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలోనే నేను పుస్తకాల డీటీపీ పని చేస్తాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత పుస్తకాలు, యూనికోడ్‌లో చేస్తున్న కొత్తవి, రాతప్రతుల స్కాన్లు, ముఖచిత్రాలు అన్నీ కలిపి దాదాపు 400 జీబీ ఉంటాయి. వీటి కోసం 2019 నుంచి యంత్రాల మధ్య ఫైళ్లను ఒకేలా ఉంచే (సింక్ చేసే) సింక్‌థింగ్‌నూ, 2020 నుంచి బ్యాకప్ తీసే రెస్టిక్‌నూ వాడుతున్నాను. రెండూ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే.

సింక్‌థింగ్ నా డెస్క్‌టాప్‌లోని 'నడుస్తున్న పని' ఫోల్డర్‌ను లాప్‌టాప్‌లో ఎప్పటికప్పుడు అలాగే ఉంచుతుంది. ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్‌లోనూ నిలవ ఉండవు. ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఎన్‌క్రిప్షన్‌తో, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తాయి. ప్రతి యంత్రానికీ 56 అక్షరాల గుర్తింపు ఉంటుంది, రెండు వైపులా ఒప్పుకుంటేనే అనుసంధానం జరుగుతుంది. రెండు యంత్రాలూ ఒకే సమయంలో నడుస్తూ ఉండాలన్నది దీని ప్రధానమైన పరిమితి. ఒకే ఫైలును రెండు చోట్లా విడివిడిగా మార్చితే ఒకదాని పేరులో సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని చేర్చి రెండింటినీ ఉంచుతుంది. పేజ్‌మేకర్ ఫైళ్ల విషయంలో ఇది పెద్ద పనే, ఎందుకంటే రెండింటినీ తెరిచి పేజీ పేజీ కంటితో పోల్చుకోవడం తప్ప వేరే దారి లేదు. అందుకే ఒక యంత్రంలో ఫైలు మూసి, సింక్ పూర్తయిందని చూసుకున్నాకే రెండో దానిలో తెరుస్తాను.

మొదటి సంవత్సరం నాకు ఈ ఏర్పాటే బ్యాకప్ అనిపించింది. 2020లో ఒక వ్యాస సంపుటికి రెండో ప్రూఫు దిద్దుబాట్లన్నీ ఎక్కించిన రాత్రి, పొరపాటున మొదటి ప్రూఫు నాటి ఫైలును దాని మీదే సేవ్ చేశాను. లాప్‌టాప్‌లోని మంచి ప్రతి స్థానంలోకి కూడా క్షణాల్లో ఆ పాతదే వచ్చింది. 212 పేజీల దిద్దుబాట్లను ప్రూఫు కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. సింక్‌థింగ్‌లో పాత ప్రతులను దాచిపెట్టే ఫైల్ వెర్షనింగ్ అనే సౌకర్యం ఉంది కానీ, మనం పెట్టుకుంటే తప్ప అది పని చేయదు, నేను పెట్టుకోలేదు. ఇందులో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. అవతలి యంత్రం నుంచి వచ్చిన మార్పు మీద మాత్రమే అది పాత ప్రతిని దాస్తుంది. మన చేతులతో మనం చెరిపేసినదాన్ని మన యంత్రం దాచదు. కాబట్టి రెండు వైపులా పెట్టుకోవాలి.

ఆ వారమే రెస్టిక్ మొదలుపెట్టాను. రోజూ రాత్రి 11 గంటలకు విండోస్ టాస్క్ షెడ్యూలర్ దాన్ని నడుపుతుంది. మొదటి బ్యాకప్‌కు రాత్రంతా పట్టింది. ఆ తర్వాత మారిన భాగాలనే తీసుకుంటుంది కనుక కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఏడు రోజులవి, ఐదు వారాలవి, పన్నెండు నెలలవి స్నాప్‌షాట్లు (ఒక్కో బ్యాకప్ నాటికి ఫైళ్లు ఉన్న స్థితి) ఉంచి మిగిలినవి తీసివేయమని చెప్పాను. పని మధ్యలో తెరిచి ఉన్న ఫైళ్లను కూడా తీసుకోవడానికి విండోస్‌లో ప్రత్యేకమైన ఆప్షన్ ఉంది, అడ్మినిస్ట్రేటర్ అనుమతితో నడపాలి. 2022లో వచ్చిన 0.14 వెర్షన్ నుంచి కంప్రెషన్ (ఫైళ్లను కుదించి దాచడం) కూడా చేరింది. కంప్రెస్ చేయని స్కాన్లకు అది బాగా కలిసివచ్చింది, జేపెగ్ చిత్రాలకు తేడా ఏమీ కనిపించలేదు. అంతా కమాండ్లతోనే నడపాలి కనుక మౌస్‌తో పని చేయడానికే అలవాటు పడినవారికి మొదటి వారం కష్టంగా ఉంటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. చేతికందిన లాప్‌టాప్ ఒక్కటే పట్టుకుని మేడ మీదికి వెళ్లాం. డెస్క్‌టాప్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్క్ రెండూ మునిగిపోయాయి. నడుస్తున్న మూడు పుస్తకాలూ ముందు రోజు రాత్రి దాకా చేసిన పనితో సహా లాప్‌టాప్‌లో ఉన్నాయంటే అది సింక్‌థింగ్ వల్లే. పాత పుస్తకాలన్నీ గుంటూరులో మా అక్క ఇంట్లో ఉంచిన రెండో రెస్టిక్ డిస్క్ నుంచి వచ్చాయి. ముందు చెక్ కమాండ్‌తో సరిచూసి తర్వాత రిస్టోర్ చేశాను, ఆరు గంటలు పట్టింది. అయితే ఆ డిస్క్‌ను చివరిసారి తాజా చేసి మూడు వారాలైంది. ఆ మధ్యలో స్కాన్ చేసిన ఒక రాతప్రతి సింక్ ఫోల్డర్‌లో లేదు, అది పోయింది. రచయిత కుటుంబాన్ని అసలు ప్రతి మళ్లీ అడగవలసి వచ్చినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

అప్పటి నుంచి ప్రతి రాత్రీ ఒక ప్రతి క్లౌడ్ స్టోరేజీకి కూడా వెళుతోంది. ఇల్లు దాటకముందే రెస్టిక్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కనుక రచయితల అముద్రిత రచనల విషయంలో నాకు అనుమానం లేదు. మూడు నెలలకొకసారి ఏదో ఒక పాత పుస్తకాన్ని వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, తెరిచి, పేజీలు తిప్పి చూస్తాను. ఫోన్‌లో ప్రూఫుల ఫోటోలకు వాడిన సింక్‌థింగ్ అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరులో ఆగిపోవడంతో, దాని ఆధారంగా వేరేవారు నడిపే సింక్‌థింగ్-ఫోర్క్ యాప్‌కు మారాను, ఇబ్బంది ఏమీ రాలేదు. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే డిస్క్ చేతిలో ఉన్నా ఒక్క ఫైలూ తిరిగి రాదు. అందుకని దాన్ని రాసిన కాగితం ఒకటి మా ఇంటి పై అంతస్తులోనూ, మరొకటి గుంటూరులో అక్క బీరువాలోనూ ఉంచాను.