ఆన్‌లైన్ ఆధారాలకు జొటెరో: ఏళ్ల తరబడి వాడాక

వైజాగ్‌లో కొత్తగా పీహెచ్‌డీలో చేరిన స్కాలర్లు ఎవరడిగినా, ఆధారాలను దాచి రిఫరెన్సులు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరోనే వేసుకోమంటాను. 2006 నుంచి ఉంది, ఉచితం, వర్డ్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ నడుస్తుంది. అయితే రిఫరెన్సులన్నీ అదే చూసుకుంటుందిలే అని వదిలేస్తే వైవాలో దొరికిపోతారు.

దీని అసలు బలం ఫార్మాటింగ్ కాదు, స్నాప్‌షాట్. బ్రౌజర్‌లో కనెక్టర్ (జొటెరో ఎక్స్‌టెన్షన్) బొత్తాం నొక్కితే లింకు, చూసిన తేదీతోపాటు పేజీ నకలు కూడా మన కంప్యూటర్‌లో పడుతుంది. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. అంతకుముందు జిల్లా విస్తీర్ణం, మండలాల సంఖ్య ఏదో వెబ్‌పేజీ నుంచి తీసుకున్నవాళ్లకు ఇప్పుడు అదే లింకులో అవే అంకెలు ఉంటాయన్న భరోసా లేదు. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ 7వ ఎడిషన్ చూసిన తేదీ అడిగేది ఇలా మారే పేజీలకే. మన దగ్గరున్న నకలు పరీక్షకుడికి కనబడదు కాబట్టి వెబ్‌పేజీల పాత నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో కూడా సేవ్ చేసి ఆ లింకు ఇవ్వండి. ఆ లింకులోని 14 అంకెలు సేవ్ చేసిన తేదీ, గ్రీన్‌విచ్ సమయం. తెల్లారి నాలుగింటికి సేవ్ చేస్తే ముందురోజు తేదీ పడుతుంది.

మన పేర్లతోనే పెద్ద తంటా. జొటెరో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అల్లూరి సీతారామరాజు కాస్తా ‘సీతారామరాజు, ఎ.’ అయిపోతాడు. పేరు మీద రైట్‌క్లిక్ చేసి ముందువెనకలు మార్చాలి. సంస్థలైతే మరీ నవ్వొస్తుంది: ఇంటిపేరు, పేరు అనే రెండు గడుల్లో పడిన జీవీఎంసీ పూర్తిపేరు (గ్రేటర్ విశాఖపట్నం మునిసిపల్ కార్పొరేషన్) ‘కార్పొరేషన్, జి. వి. ఎం.’గా తేలుతుంది. పక్కనున్న చిన్న బొత్తాంతో ఒకే గడి చేయాలి.

కనెక్టర్ బొమ్మ బూడిదరంగులో ఉంటే ఆ సైటు దానికి తెలియదన్నమాట. తెలుగు వార్తల సైట్లలో ఇది తరచూ ఎదురవుతుంది. రచయిత, ప్రచురణ తేదీ చేత్తో నింపి, ఐటమ్ రకాన్ని న్యూస్‌పేపర్ ఆర్టికల్‌గా మార్చండి. స్కాన్ చేసిన పాత తెలుగు పీడీఎఫ్‌లకూ ఇదే పాట్లు. భారతీయ పీహెచ్‌డీ థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ సైటులో అధ్యాయానికో పీడీఎఫ్ ఉంటుంది. వాటి లింకులు వద్దు, 10603తో మొదలయ్యే హ్యాండిల్ (థీసిస్ మొత్తానికి ఉండే శాశ్వత లింకు) ఇవ్వండి.

జొటెరో సర్వర్‌లో ఉచితంగా వచ్చే 300 ఎంబీ జాగాను స్నాప్‌షాట్లు త్వరగానే మింగేస్తాయి. 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు. నన్నడిగితే అక్కర్లేదు. ఫైల్ సింక్ ఆపేసినా ఎంట్రీలు సింక్ అవుతూనే ఉంటాయి. ఫైళ్ల కోసం జొటెరో మూసేసి, డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. ఆ ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఉంచి నడపొద్దు, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది.